ముందు ఆగేది ఊపిరా, గుండెనా? హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ల చరిత్ర

హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు రెండు. మొదటిది 1888లో, రెండోది 1889లో పనిచేసింది. రెండింటికీ ఖర్చు పెట్టింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం, నడిపించింది అఫ్జల్‌గంజ్ దవాఖాన పెద్ద డాక్టరు ఎడ్వర్డ్ లారీ. క్లోరోఫాం పీల్చిన రోగి ఆపరేషన్ బల్ల మీదే చనిపోతే, ముందు ఆగింది ఊపిరా, గుండెనా అన్నది అవి తేల్చబోయిన ప్రశ్న. చూడటానికి చిన్న ప్రశ్నే. జవాబు ఊపిరి అయితే మత్తు ఇచ్చేవాడు రోగి పొట్ట, ఛాతీ కదలికల మీద చూపు నిలపాలి. గుండె అయితే నాడి మీద వేలు తీయకూడదు. రెండూ ఒక్కడే చూడలేని రోజుల్లో, పక్కన ఏ యంత్రమూ లేని రోజుల్లో, ఎటు చూడాలన్నది ప్రాణం మీది మాటే.

మత్తుమందులు రాకముందు మన దేశంలో కోత వైద్యం లేకపోలేదు. శస్త్రకర్మకు ముందు రోగికి మద్యం తాగించమని సుశ్రుత సంహితే చెప్పింది. ఊరూరా తిరిగి కంటిపొరను సూదితో పక్కకు నెట్టేవాళ్ళూ, గడ్డలు కోసే జర్రాహులూ వందల ఏళ్ళుగా ఉన్నారు. నొప్పి మాత్రం రోగి భరించాల్సిందే. నలుగురు పట్టుకుంటే ఒకడు కోసేవాడు, ఎంత త్వరగా ముగిస్తే అంత మంచి వైద్యుడు. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే కంపెనీ డాక్టరు వేరే దారి పట్టాడు. చేతులతో గంటల తరబడి నిమిరి, రోగిని ఒక రకం నిద్రలోకి దించి, బోదవ్యాధి వల్ల పెరిగిన పెద్ద పెద్ద కంతులను తొలగించాడు. ఆ మెస్మరిజం పద్ధతి కోసం కలకత్తాలో ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి కూడా పెట్టారు. కానీ దానికి రోజులు దగ్గరపడ్డాయి. 1846 అక్టోబర్ 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్‌తో మత్తు ఇచ్చి చూపించాడు. నెలల్లోనే, 1847లో, ఈథర్ కలకత్తా చేరింది. అదే ఏడాది నవంబర్‌లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాం మత్తును కనిపెట్టాడు. 1848 మొదట్లో అదీ కలకత్తాకు వచ్చింది.

వచ్చిన రెండింటిలో మన దేశంలో నిలదొక్కుకున్నది క్లోరోఫామే. కారణం వాతావరణంలో ఉంది. ఈథర్ దాదాపు 35 డిగ్రీల వేడికే మరుగుతుంది. దక్కన్ ఎండాకాలంలో సీసా మూత తీస్తే చాలు, రోగి ముక్కు చేరకముందే గదిలో కలిసిపోతుంది. పైగా దీపం దగ్గరుంటే భగ్గుమంటుంది. క్లోరోఫాం మరగడానికి 61 డిగ్రీలు కావాలి, మామూలుగా నిప్పు అంటుకోదు, తియ్యటి వాసన, కొద్ది చుక్కలే పనిచేస్తాయి. ఏ యంత్రమూ అక్కర్లేదు, ఒక గుడ్డ చాలు. దండుతో పాటు తిరిగే సైనిక వైద్యుడికి ఇంతకన్నా అనుకూలమైనది ఉండదు.

అనుకూలంగా ఉన్నంత మాత్రాన భద్రమని కాదు. 1848 జనవరి 28న ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గర విన్‌లటన్ అనే ఊళ్ళో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయికి కాలిగోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. రెండు మూడు నిమిషాల్లో ఆమె చనిపోయింది. క్లోరోఫాం పేరు మీద నమోదైన తొలి మరణం అదే. ఆమెను తెప్పరిల్లజేయాలని నోట్లో పోసిన నీళ్ళు, బ్రాందీ వల్లే ఊపిరాడక చనిపోయిందని సింప్సన్ వాదించాడు. లండన్‌లో జాన్ స్నో ఒప్పుకోలేదు. ఆవిరి గాఢత మరీ ఎక్కువైతే గుండె నేరుగా దెబ్బతింటుందన్నాడు. 1853లో విక్టోరియా రాణి ప్రసవానికి క్లోరోఫాం ఇచ్చినవాడు స్నో. ఆవిరిని కొలిచి ఇవ్వాలని పట్టుబట్టి, అందుకు పరికరాలు తయారుచేసుకున్నవాడు. కలరా నీళ్ళ ద్వారా వస్తుందని బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గర చూపించిందీ ఆయనే.

అప్పటినుంచి రెండు మతాలు ఏర్పడ్డాయి. లండన్ మతం నాడి చూడమంటుంది. ఎడిన్‌బరో మతం నాడి జోలికి పోకు, ఊపిరి చూడు, నాలుక వెనక్కి పడకుండా లాగి పట్టుకో అంటుంది. ఎడిన్‌బరో పక్షానికి పెద్ద దిక్కు ప్రసిద్ధ సర్జన్ జేమ్స్ సైమ్. గాయాలకు కార్బాలిక్ ఆసిడ్ వాడి 1867లో శస్త్రచికిత్సనే మార్చేసిన జోసెఫ్ లిస్టర్ ఈయన అల్లుడు. ఎడిన్‌బరోలో సైమ్ దగ్గర చదువుకున్నవాడే ఎడ్వర్డ్ లారీ.

లారీ ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, లాహోర్‌లో పనిచేసి, 1885లో హైదరాబాదుకు బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. అప్పటికి హైదరాబాద్ మెడికల్ స్కూలు వయసు దాదాపు నలభై ఏళ్ళు. నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, 1846లో, అప్పటి రెసిడెన్సీ సర్జన్ మక్లీన్ చేతుల మీదుగా మొదలైంది. మొదట్లో పాఠాలన్నీ ఉర్దూలో చెప్పేవారు. చదువు ముగించినవాళ్ళకు హకీం అన్న పట్టా ఇచ్చేవారు. సాలార్‌జంగ్ దివాన్‌గా ఉండగా 1866లో మూసీ ఒడ్డున కట్టిన అఫ్జల్‌గంజ్ దవాఖాన ఈ విద్యార్థులకు పని నేర్పే చోటు. అఫ్జల్‌గంజ్ అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వెలసిన పేట. స్కూలుకూ దవాఖానకూ పెద్దగా కుదురుకున్న లారీ, వచ్చిన ఏడాదే అమ్మాయిలను కూడా తరగతిలో కూర్చోబెట్టాడు. అయిదుగురు చేరారు. మద్రాసు మెడికల్ కాలేజీ పదేళ్ళ ముందే ఆడవాళ్ళకు తలుపు తీసినా, ఒక సంస్థానంలో ఇది చిన్న సంగతి కాదు.

ఆపరేషన్ బల్ల దగ్గర లారీ పద్ధతి సూటిగా ఉండేది. రోగిని వెల్లకిలా పడుకోబెడతారు. మెడ, ఛాతీ, పొట్ట మీద బట్టలు పూర్తిగా వదులు చేస్తారు. పొట్ట కదలిక కళ్ళకు కనబడాలి, అది తప్పనిసరి. శంకువు ఆకారంలో మడిచిన గుడ్డ టోపీలో క్లోరోఫాం పోసి, మొదట ముఖానికి కాస్త ఎడంగా పట్టుకుంటారు, గాలి కలవాలి కాబట్టి. రోగి పెనుగులాడినా, ఊపిరి బిగబట్టినా టోపీ తీసేస్తారు. బిగబట్టినవాడు ఆ తరువాత ఒక్కసారిగా లోతుగా పీల్చినప్పుడు ఆవిరి మోతాదు మించిపోతుందని లారీ భయం. కంటి నల్లగుడ్డు పైపొరను వేలితో తాకితే రెప్ప కొట్టకపోవడం మత్తు పూర్తయిందనడానికి గుర్తు. అది కనిపించగానే మందు ఆపాలి, అప్పుడే కత్తి పట్టాలి, అంతకుముందు కాదు. గడ్డం ఎత్తి, దవడ ముందుకు తెచ్చి ఊపిరి దారి మూసుకుపోకుండా చూడాలి. నాడి వంక కన్నెత్తి చూడనక్కర్లేదు.

ఇందులో గమనించదగ్గది ఇంకొకటుంది. మత్తు ఇచ్చేది లారీ కాదు, ఆయన శిష్యులు. హైదరాబాదు కుర్రవాళ్ళూ, కొద్దికాలానికి అమ్మాయిలూ. సర్జన్ తన పని తాను చూసుకుంటే, ఊపిరి లెక్క చూసే బాధ్యత ఇంకొకరిది. ఇంగ్లండులో చాలా ఆసుపత్రుల్లో ఆ పని కొత్తగా చేరిన హౌస్ సర్జన్ మీద పడేసే రోజుల్లో, ఇక్కడ అది పాఠంగా నేర్పారు. వేలమందికి క్లోరోఫాం ఇచ్చినా ఒక్కరూ చనిపోలేదని లారీ ప్రకటించాడు. ఇంగ్లండులో మాత్రం క్లోరోఫాం మరణాలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. వేడి దేశంలో, గాలి ఆడే గదుల్లో ఆవిరి చెదిరిపోవడం వల్లే హైదరాబాదులో ప్రమాదం తగ్గిందని కొందరన్నారు. లారీ ఒప్పుకోలేదు. తేడా ఎండలో లేదు, మత్తు ఇచ్చే చేతిలో ఉందన్నాడు.

ఆ మాట నిరూపించడానికి 1888లో మొదటి కమిషన్ వేయించాడు. పాట్రిక్ హెహిర్ అధ్యక్షుడు, కెల్లీ, షామరెట్ అనే స్థానిక డాక్టర్లు సభ్యులు. వందకు పైగా కుక్కలకు క్లోరోఫాం ఇచ్చి చూశారు. ఎప్పుడూ ముందు ఊపిరే ఆగింది, గుండె ఆ తరువాతే ఆగిందని తేల్చారు. వెంటనే కృత్రిమంగా శ్వాస అందిస్తే చాలాసార్లు ప్రాణి బతుకుతుందనీ రాశారు. లండన్ నుంచి వచ్చే వైద్య పత్రిక 'లాన్సెట్' ఈ ఫలితాన్ని నమ్మలేదు. ఎక్కడో సంస్థానంలో తేలిన మాటతో ఐరోపాలోని ప్రయోగశాలలు తేల్చినదంతా కొట్టేస్తారా అన్నది దాని ధోరణి. గ్లాస్గోలో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ వేసిన సంఘం అంతకు దాదాపు పదేళ్ళ ముందే క్లోరోఫాం గుండెను కుంగదీస్తుందని చెప్పి ఉంది.

అయితే మీ మనిషినే పంపండి, మీ కళ్ళతో చూసుకోండి అన్నాడు లారీ. నిజాం 1,000 పౌండ్లు ఇచ్చాడు. 'లాన్సెట్' తరఫున లండన్ నుంచి వచ్చినవాడు సామాన్యుడు కాదు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ వాడవచ్చని 1867లో చూపిన థామస్ లాడర్ బ్రంటన్. క్లోరోఫాం గుండె మీద పనిచేసి చంపగలదని తన పుస్తకంలోనే రాసుకున్న ఔషధ శాస్త్రవేత్త. ఒక సంస్థాన ప్రభుత్వం తన డబ్బుతో ప్రత్యర్థి పక్షపు పండితుణ్ణి పిలిపించి, వచ్చి మాది తప్పని రుజువు చెయ్యండి అనడం వైద్య చరిత్రలో అరుదు.

రెండో కమిషన్ 1889 అక్టోబర్‌లో పని మొదలుపెట్టింది. లారీ అధ్యక్షుడు. బ్రంటన్, బెంగాల్ నుంచి వచ్చిన బాంఫర్డ్, హైదరాబాద్ డాక్టరు రుస్తుంజీ సభ్యులు. ఈసారి కుక్కలతో పాటు కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు, గుర్రాలు కూడా ఉన్నాయి. మొత్తం నాలుగు వందలకు పైగా. కొన్నింటికి రక్తనాళంలో గొట్టం అమర్చి, మసి పూసిన, తిరిగే డోలు మీద రక్తపోటు గీతలు గీయించారు. గీతలన్నిటినీ ఫోటోలు తీశారు. మత్తు తక్కువగా, ఎక్కువగా, ఖాళీ కడుపుతో, నిండు కడుపుతో, నరాలు కోసి, కోయకుండా, ఎన్ని రకాలుగా వీలైతే అన్ని రకాలుగా పరీక్షించారు. గుండె ఆగి చచ్చిన ప్రాణి ఒక్కటైనా దొరుకుతుందేమోనని బ్రంటన్ పట్టుదలగా వెతికాడు. దొరకలేదు. డిసెంబర్‌లో లండన్‌కు తంతి కొట్టాడు. ప్రమాదమంతా ఊపిరాడకపోవడంలో, మోతాదు మించడంలో ఉంది, గుండెకు నేరుగా వచ్చే ముప్పు ఏమీ లేదన్నది దాని సారం. లారీ గెలిచాడు. వచ్చినవాడు మతం మార్చుకుని తిరిగివెళ్ళాడు. నివేదిక 1890 జనవరిలో 'లాన్సెట్' లోనే అచ్చయింది.

ఆ నివేదికలో ఒక వాక్యం తరువాతివాళ్ళకు బాగా దొరికిపోయింది. క్లోరోఫాం కింద రక్తపోటు పడిపోవడం ప్రమాదం కాదు సరికదా రక్షణేనని, మందు మెదడుకు వేగంగా చేరకుండా అది అడ్డుకుంటుందని కమిషన్ రాసింది. కేంబ్రిడ్జ్‌లో గాస్కెల్, షోర్ అనే శరీర శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షకు పెట్టారు. ఒక జంతువు మెదడుకు ఇంకో జంతువు రక్తం అందేలా నాళాలు కలిపి, క్లోరోఫాం మెదడుకు మాత్రమే వెళ్ళినప్పుడు ఏమవుతుందో, గుండెకు మాత్రమే వెళ్ళినప్పుడు ఏమవుతుందో విడివిడిగా చూశారు. గుండెకు చేరినప్పుడే రక్తపోటు కుప్పకూలిందని 1893లో ప్రకటించారు. క్లోరోఫాం గుండెను నేరుగా కుంగదీస్తుందన్నమాట. లారీ ఇదీ ఒప్పుకోలేదు. ఒప్పుకోని గుణం ఆయనకు మామూలే. లావెరాన్ కనిపెట్టిన మలేరియా పరాన్నజీవి ఉనికినే ఆయన కాదన్నాడు. అదే రోజుల్లో, 1897లో, కూతవేటు దూరంలోని సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ ఆ పరాన్నజీవిని దోమ పొట్టలో చూశాడు.

అసలు చిక్కుముడి విడింది 1911లో, లండన్‌లో, గుడ్‌మన్ లెవీ చేతుల్లో. పిల్లులకు క్లోరోఫాం లోతుగా ఇచ్చినప్పుడు గుండె గతి తప్పలేదు. తేలిగ్గా ఇచ్చి, ఆ సమయంలో అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె ఒక్కసారిగా గతి తప్పి, కండరమంతా వణికి ఆగిపోయింది. అంటే భయపడ్డ రోగి, మత్తు సగంలో ఉన్న రోగి, కత్తి ముందే పడ్డ రోగి చనిపోయేది ఇలా. హానా గ్రీనర్ లాంటివాళ్ళు నిమిషాల్లో ఎందుకు పోయారో, ఆపరేషన్ మొదట్లోనే ఇన్ని చావులు ఎందుకు జరిగాయో దీంతో అర్థమైంది. గుండె ఇలా వణికి ఆగగలదనీ, హఠాన్మరణాలకు అది కారణం కావచ్చుననీ ఆబర్దీన్‌లో మక్‌విలియం 1889లోనే రాశాడు. హైదరాబాదులో బ్రంటన్ మసి డోలు తిప్పింది కూడా ఆ ఏడాదే.

కాబట్టి శాస్త్రం విషయంలో హైదరాబాద్ కమిషన్ ఓడిపోయింది. ఆచరణ వేరే మాట. పూర్తి మత్తు వచ్చేదాకా కత్తి ముట్టకు, పెనుగులాటలో బలవంతం చెయ్యకు అన్న లారీ నియమాలు లెవీ చూపించిన ప్రమాదాన్ని, తెలియకుండానే, చాలావరకు తప్పించేవి. కారణం తప్పు, కట్టడి సరైనది. మరోవైపు, గుండెకు భయం లేదన్న ధీమాను నమ్మి మోతాదు విషయంలో చెయ్యి వదులు చేసినవాళ్ళకు ఆ నివేదిక మేలు చేసి ఉండదు. బ్రిటన్‌లో క్లోరోఫాం చావులు 1890 తరువాతా ఆగలేదు. వాటిని తగ్గించడానికి పనికొచ్చింది జాన్ స్నో దారే. 1900ల మొదట్లో వెర్నన్ హార్కోర్ట్ తయారుచేసిన పరికరం ఆవిరిని నూటికి రెండు పాళ్ళు దాటనిచ్చేది కాదు. పరికరాలంటే లారీకి బొత్తిగా గిట్టదు.

కమిషన్ అసలు చూడని భాగం ఒకటి ఉండిపోయింది. అది ఆపరేషన్ తరువాతి రోజులు. ప్రయోగాలన్నీ నిమిషాల లెక్కలోనే సాగాయి. ప్రాణి లేచి నిలబడితే గండం గడిచినట్టే. వార్డులో సంగతి అలా ఉండేది కాదు. క్లోరోఫాం నుంచి తేరుకున్న రోగికి గంటల తరబడి వాంతులయ్యేవి. అవి ఊపిరితిత్తుల్లోకి పోకుండా రోగిని ఒక పక్కకు తిప్పి, పక్కనే ఒక మనిషి కూర్చోవాలి. 1894లో లండన్‌లో లెనార్డ్ గత్రీ అనే పిల్లల డాక్టరు ఇంకా భయంకరమైన సంగతి బయటపెట్టాడు. ఆపరేషన్ బాగా జరిగి, మత్తు నుంచి చక్కగా లేచిన పిల్లలు కొందరు ఒకటి రెండు రోజుల తరువాత ఆగని వాంతులతో, పలవరింతలతో చనిపోతున్నారు. కోసి చూస్తే కాలేయం కొవ్వు పట్టి పాడైపోయి ఉంది. క్లోరోఫాం కాలేయానికి విషమని క్రమంగా తేలింది. ఆపరేషన్‌కు ముందు రోగిని పస్తు పెట్టే అలవాటు దీన్ని ఇంకా ముదరబెట్టేదని తరువాత గుర్తించి, ముందురోజు తీపి పదార్థాలు ఇవ్వడం కొన్నిచోట్ల మొదలుపెట్టారు. ఆపరేషన్ అయినవాళ్ళను ప్రత్యేక గదిలో ఉంచి కనిపెట్టుకుని చూసే ఏర్పాటు ఆసుపత్రుల్లో మామూలు అయింది రెండో ప్రపంచ యుద్ధం తరువాతే.

వాదాలన్నీ చల్లారాక కూడా నిలిచిన పేరు రూపాబాయి ఫర్దూంజీ. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన అయిదుగురు అమ్మాయిల్లో ఈ పార్శీ యువతి ఒకరు. 1889లో హకీం పట్టా పొందింది. కమిషన్ ప్రయోగాల్లో పాలుపంచుకుంది. ఆ తరువాత సుమారు మూడు దశాబ్దాలు రెసిడెన్సీ ఆసుపత్రిలో, అఫ్జల్‌గంజ్‌లో, జనానా ఆసుపత్రిలో క్లోరోఫాం ఇవ్వడమే వృత్తిగా పనిచేసింది. ఆ రెసిడెన్సీ ఆసుపత్రే నేటి సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రి. 1909లో అనీ బిసెంట్ ప్రోత్సాహంతో ఎడిన్‌బరో వెళ్ళి, మత్తుమందుల పనికి అవసరమని భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుంది. 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసింది. మత్తు వైద్యం ప్రత్యేక శాఖగా ఇంకా సరిగా గుర్తింపు పొందని కాలంలో దాన్నే జీవితవృత్తి చేసుకున్న ఈమెను మన దేశపు తొలి మహిళా అనస్థటిస్టుగా చరిత్రకారులు లెక్కిస్తారు. పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు ఆపరేషన్‌కు ఒప్పుకోవాలంటే బల్ల దగ్గర ఒక ఆడమనిషి ఉండటం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

లారీ 1901లో హైదరాబాదు వదిలి వెళ్ళాడు. అఫ్జల్‌గంజ్ దవాఖాన 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో కొట్టుకుపోయింది. ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. అదే చోట ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో విన్సెంట్ ఎష్ నమూనా ప్రకారం ఉస్మానియా దవాఖాన లేచింది. మెడికల్ స్కూలు ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. క్లోరోఫాం మాత్రం మరి కొంతకాలం సాగింది. అటు కాలేయాన్నీ ఇటు గుండెనూ దెబ్బతీస్తుందని తెలిసినా, నిప్పంటుకోని, చవకైన, గుడ్డ మీద పోస్తే పనిచేసే మందు అప్పటికి ఇంకొకటి లేదు. 1951లో ఇంగ్లండులో చార్లెస్ సక్లింగ్ తయారుచేసిన హాలోథేన్‌ను 1956లో రోగుల మీద వాడారు. నిప్పంటుకోని ఆ కొత్త మందు ఆసుపత్రులకు చేరుతున్న కొద్దీ క్లోరోఫాం సీసాలు ఆపరేషన్ గదుల్లోంచి తప్పుకున్నాయి.